గాలీ వెలుతురూ

"నన్ను ఆ గదిలోంచి మార్చకండి సార్. మీకు పుణ్యముంటుంది."

లెక్కల టీచరు చేతులు జోడించేసరికి హెడ్మాస్టరుకు నవ్వాలో కోప్పడాలో తెలియలేదు. మంచి గది ఇస్తామంటే వద్దని బతిమాలే మనిషిని ఆయన ఇంత సర్వీసులో చూడలేదు.

"అదీ ఒక గదేనా అమ్మా? మేడ మీద చివర, ఎండంతా నెత్తిమీదే. ఫ్యాను తిరిగితే తిరిగినట్టు, లేకపోతే లేదు. పైగా ఆ కిటికీ ఒకటి! గోడవతల చిన్నపిల్లల బడి. బెల్లు కొడితే చాలు, చెవులు చిల్లులు పడతాయి."

"నాకు అలవాటైపోయింది సార్."

"అలవాటైందని నిప్పుల్లో కూర్చుంటామా? నేను చూసుకుంటాగా, మీరు వెళ్ళండి."

హెడ్మాస్టరు మంచివాడు. ఆ మంచితనమే కొంప ముంచింది. టీచర్లు బాగా పనిచేయాలంటే ఏం కావాలనే దానిమీద ఆయన ఈమధ్యే శిక్షణకు వెళ్ళొచ్చాడు. గాలి, వెలుతురు, నిశ్శబ్దం, తోటివాళ్ళతో కలుపుగోలుతనం అని అక్కడ నూరిపోశారు. వచ్చినప్పటి నుంచి బడిలో ఏ కుర్చీ కుంటినా ఆయనే సుత్తి పట్టుకుని బయల్దేరుతున్నాడు. అందరికంటే బాగా చెప్పే టీచరు అందరికంటే పాడు గదిలో ఉండటం ఆయన మనసుకు పట్టుకుంది. ఆ కొలిమిలోనే ఇంత బాగా చెబుతోందే, చల్లటి గదిలో ఇంకెంత బాగా చెబుతుందో అనుకున్నాడు, పాపం.

ఆవిడంటే జాలి కూడా. ఆడవాళ్ళ హాస్టల్లో ఉంటుంది. ఒంటరి మనిషి, పిల్లాజెల్లా లేరని అందరి లెక్క. అప్పుడప్పుడు కోర్టు పనుందని సెలవు పెడుతుంది. ఆస్తి తగాదా అయి ఉంటుందని స్టాఫురూములో ఎప్పుడో తేల్చేశారు. స్టాఫురూముకు ఆవిడ మీద ఇంకో కోపం ఉంది. మధ్యాహ్నం ఎవరితోనూ కలిసి తినదు. బాక్సు పట్టుకెళ్ళి ఆ కిటికీ దగ్గరే నిలబడి తింటుంది.

"కాకులకు చెయ్యి ఊపుతూ తింటుందిట. మాతో కూర్చుంటే అరిగిపోతుంది కాబోలు," అనేది సైన్సు టీచరు.

సెలవులు అయ్యేసరికి గది మారిపోయింది. కింద, చెట్టు నీడన, కొత్త ఫ్యాను, కొత్త కుర్చీ. పాత గదిలో విరిగిన బెంచీలు పడేసి తాళం వేశారు. ఇకనుంచి భోజనం కూడా స్టాఫురూములో నలుగురితో కలిసే చెయ్యాలని హెడ్మాస్టరు నవ్వుతూనే ఆర్డరేశాడు.

ఆవిడ కాదనలేదు. వచ్చి కూర్చునేది. బాక్సు ముందు పెట్టుకునేది. మూత మాత్రం తీసేది కాదు.

"డైటింగా టీచర్?"

"ఆకలి లేదు."

చూస్తూ చూస్తూ ఉండగానే మనిషి సగమైపోయింది. చదువు చెప్పడమూ అంతే. బోర్డు మీద లెక్క మధ్యలో ఆపేసి, తర్వాత ఏం రాయాలో తోచక పిల్లలవైపు చూసేది. వాళ్ళే అందించేవాళ్ళు. ఒక మధ్యాహ్నం మేడ మీద, పాత గది తాళం పట్టుకుని ఆవిడ నిలబడి ఉండగా ఆయా చూసింది.

"ఏమైనా మర్చిపోయారా అమ్మా?"

"ఒక్కసారి తలుపు తీస్తావా ఆయమ్మా? ఒక్క నిమిషం."

"తాళంచెవి పెద్దసారు దగ్గరుందమ్మా. అడిగి తెస్తానుండండి."

"వద్దులే. అడగొద్దు," అని కొంగుతో మొహం తుడుచుకుంటూ దిగిపోయింది.

పరీక్షల్లో ఆవిడ క్లాసు బోర్లా పడింది. ఈవిడ మాకొద్దని బడి కమిటీ తేల్చి చెప్పింది. హెడ్మాస్టరు ఆవిణ్ణి పిలిచి తలుపు వేశాడు. ఆయనకే ఏడుపొచ్చేలా ఉంది.

"నేనేం తక్కువ చేశానమ్మా? గాలి లేదా? వెలుతురు లేదా?"

"అన్నీ ఉన్నాయి సార్."

"మరింకేం కావాలి?"

"ఆ గది నాకు తిరిగి ఇప్పించండి. ఎందుకని మాత్రం అడక్కండి."

"నేను అడక్కపోయినా కమిటీ అడుగుతుందిగా! వాళ్ళకేం చెప్పను?"

"చెబితే నలుగురి నోళ్ళలో పడుతుంది సార్. పడిందంటే ఆ కాస్తా కూడా నాకు దక్కదు."

ఆ కాస్తా అంటే ఏమిటో ఆయనకు అంతుపట్టలేదు. కారణం లేని కోరికను కమిటీ ముందు పెట్టే ధైర్యమూ లేకపోయింది. ఉద్యోగంలోంచి తీసేసిన కాగితం ఆవిడ చేతిలో పెట్టి తల దించుకున్నాడు. ఆవిడ గేటు దాటబోతూ ఆగి, వెనక్కి తిరిగి మేడవైపు చూసింది.

ఆ మధ్యాహ్నం హెడ్మాస్టరుకు ముద్ద దిగలేదు. ఏముందా దిక్కుమాలిన గదిలో అనుకుంటూ తాళంచెవి తీసుకుని తనే మేడెక్కాడు. దుమ్ములో దగ్గుకుంటూ బెంచీలు పక్కకు లాగి, బిగుసుకుపోయిన కిటికీ రెక్కను తోశాడు. అది కీచుమంది. పిల్లల గోల ఒక్కసారి మీద పడింది. రోడ్డు మీంచి చూస్తే ఆ బడికి ఎత్తయిన గోడ తప్ప ఏమీ కనపడదు. ఇక్కణ్ణుంచి మాత్రం ఆవరణంతా కళ్ళ ముందే ఉంది.

పిల్లలు గుంపులు గుంపులుగా బాక్సులు తెరిచి తింటున్నారు. ఒక్క పాప మాత్రం విడిగా, సరిగ్గా కిటికీకి ఎదురుగా మెట్టు మీద కూర్చుని ఉంది. ఒళ్ళో బాక్సుకు మూత తీయలేదు. కిటికీ చప్పుడు వినగానే దిగ్గున లేచి, నవ్వుతూ చెయ్యి పైకెత్తి ఊపింది. హెడ్మాస్టరు మొహం చూసి ఆ చెయ్యి మెల్లగా దించేసింది.

"ఏం తల్లీ, అన్నం తినవా?" అని పైనుంచి కేకేశాడాయన.

"మా అమ్మ ఇవాళ కూడా రాలేదా?"