బాతు గీసిన గీతలు

బాతు మేతకు వెళ్తూ గుడ్ల కాపలా పీతకు అప్పగించింది. ఇసుకలో ఒక పెద్ద గీత, పక్కనే రెండు చిన్న గీతలు గీసింది. "ఒక చుట్టు నిండి, పైన రెండు. ఒక్కటి తగ్గినా ఊరుకోను తమ్ముడూ!"

పీతకు ముందున్న రెండు డెక్కలతో కలిపి కాళ్ళు పది. కాళ్ళన్నీ ఒకసారి లెక్కిస్తే ఒక చుట్టు, అది పదే కదా, అంటే పన్నెండు గుడ్లు. తీరా లెక్కపెడితే గూట్లో పదే ఉన్నాయి. రెల్లులో ఏదో బుసకొట్టినట్టయింది. "నా కళ్ళముందే రెండు మింగేసిందా?" పీత కలుగులోకి దూరబోయింది, కానీ మిగిలినవాటిని వదల్లేక డెక్కలు చాచి వణుకుతూ నిలబడింది.

బాతు రాగానే, "అక్కా, రెండు పోయాయి!" అని బావురుమంది.

బాతు హడలిపోయి, తన కాలివేళ్ళ మీద గబగబా లెక్కపెట్టింది. "ఎనిమిదికి చుట్టు నిండింది, పైన రెండు. అన్నీ ఉన్నాయి కదరా పిచ్చోడా!"

మర్నాడు కొంగ తన గుడ్లు చూడమంటే, పీత వణుకుతూనే అడిగింది: "ముందు నీకు వేళ్ళెన్నో చెప్పు వదినా!"