నలభై ఏడో నంబరు ప్లాటు

సముద్రం ఒడ్డున ఓడరేవు కోసం మడ అడవులు నరికారు. వాటికి బదులుగా ఎక్కడో దూరాన, చండ్రుగొండ అవతలి అడవిలో పదివేల మొక్కలు నాటామని కాగితాల్లో రాసుకున్నారు. అది 2003. ఐదేళ్లు గడిచాక వాటిని చూడ్డానికి ఢిల్లీ నుంచి ఒక పెద్దాయన వచ్చాడు.

నాటిన కూలీల్లో ఒకరు సాక్ష్యం చెప్పాలి. తండాలో ఎవరూ రామన్నారు. బాలి తనంతట తనే వచ్చి రేంజర్ వెంకటరామారావు జీపు దగ్గర నిలబడింది.

"ఇప్పటికి దారికొచ్చావ్" అన్నాడు రేంజరు. "ఏమడిగినా అవ్ అను. చాలు."

ఆమె మరిది బద్యా పక్కకు తిరిగి ఉమ్మేశాడు. "గీనికి సాక్ష్యం చెప్పి బతకాల్నా, వదినా?"

బాలి జీపెక్కింది.

రోడ్డు పక్కనే ఉన్న పాత అడవి దగ్గర జీపు ఆగింది.

"ఇదే సార్, నలభై ఏడో నంబరు ప్లాటు."

పెద్దాయన బూట్లకు బురద అంటకుండా పదడుగులు నడిచాడు. ఇద్దరు చేతులు చాచినా అందని ఇప్పచెట్టును తట్టి చూశాడు.

"ఐదేళ్లకే ఇంత లావా?"

"మా నేల అలాంటిది సార్."

పెద్దాయన నమ్మేశాడు. భద్రాచలంలో దర్శనానికి వేళ మించిపోతుందని ఆయన బెంగ.

"నువ్వేనా అమ్మా నాటింది?"

"అవ్ సార్. గీ సారే నాటిచ్చిండు."

"ఒక్క చెట్టయినా పోయిందా?"

"ఒక్కటి గూడ పోలే."

"మీ ఆయన కూడా నాటాడా?"

రేంజరు అందుకున్నాడు. "అతను ఊళ్లో లేడు సార్. కూలికి పోయాడు."

బాలి తల వంచుకుంది.

పెద్దాయన జీపు బానెట్ మీదే రాసేశాడు. ప్లాటులో పదివేల చెట్లూ భద్రం, ఒక్కటీ నరకలేదు. సంతకం చేశాడు. రేంజరూ చేశాడు. బాలి వేలిముద్ర వేసింది.

"నాకో కాయితం ఇప్పియ్యి సార్" అంది.

"నీకెందుకమ్మా?"

"తండాల చూపిస్త. ఢిల్లీ సారు నా ఏలుముద్ర తీసుకున్నడని."

రేంజరు పగలబడి నవ్వాడు. "అక్షరమ్ముక్క రాదు సార్. దీని ముచ్చట చూడండి" అంటూ కార్బన్ కాపీ చింపి ఆమె మీదికి విసిరాడు.

బాలి కిందపడ్డ కాగితాన్ని తీసి, దులిపి, మడిచి రవికెలో దోపుకుంది.

సోమవారం కోర్టులో దాన్ని వకీలు చేతిలో పెట్టింది.

నలభై ఏడో నంబరు ప్లాటులో పదివేల చెట్లూ నరికేశాడని ఇదే రేంజరు పెట్టిన కేసులో నాలుగు నెలలుగా జైల్లో ఉన్న లచ్చిరాం ఆమె భర్త.