నడుముకు కట్టిన తాడు

తోలెగెన్ మళ్లీ ఓరజ్ చెంప మీద కొట్టాడు.

బల్జాన్ ఒడ్డు మీంచి చూస్తూనే ఉంది. బల్ఖాష్ సరస్సు మంచు మీద, కేకేస్తే వినబడే దూరంలో, కొడుకు మోకాళ్ల మీద కూలబడ్డాడు. తోలెగెన్ వాణ్ని జుట్టు పట్టి లేపి, డొక్కలో తన్ని ముందుకు తోశాడు. ఓరజ్ నాలుగడుగులు వేసి మళ్లీ పడ్డాడు. మళ్లీ తన్నులు.

పొద్దున ఇద్దరి నడుములకూ తాడు కట్టి చేపలకు పంపింది తనే. మార్చి నెల మంచును నమ్మొద్దని, గడ్డపారతో పొడిచి చూడకుండా అడుగెయ్యొద్దని నోరు నొప్పెట్టేలా చెప్పింది. మూడేళ్ల కిందట ఇలాగే మంచు విరిగి పెద్దకొడుకు మరాత్ మునిగిపోయాడు. అప్పుడూ జతగా వెళ్లింది ఈ పక్కింటి తోలెగెనే. తాడు తెగిపోయింది పిన్నీ అని ఏడ్చాడు. గుర్రపు వెంట్రుకలతో ఆ తాడు పేనింది బల్జాన్. ఏ పురి వదులు పడిందో, తన చేతులే బిడ్డను చంపాయని ఆమెకు ఆనాటి నుంచీ కంటి మీద కునుకు లేదు.

ఇప్పుడు మిగిలిన ఒక్కడినీ వీడు చంపేస్తున్నాడు.

పొయ్యి కట్టె అందుకుని పరిగెత్తింది.

"లేవరా దూడ మొహమా, లే" అంటున్నాడు తోలెగెన్. వెనకనుంచి తల మీద ఒక్కటిచ్చింది. మంచు మీద నెత్తురు చిమ్మింది. ఇంకోసారి కట్టె ఎత్తింది.

"ఆగమ్మా" అన్నాడు ఓరజ్, పళ్లు టకటకలాడుతుంటే. "నీళ్లలో పడ్డాను. లాగింది వీడే."

అప్పుడు చూసింది. కొడుకు గొర్రెతోలు కోటు చెక్కలా బిగుసుకుపోయింది. తాడు ఒరిసి తోలెగెన్ అరచేతుల్లో చర్మం లేదు.

"కూర్చోనిస్తే నిద్రపోతాడు పిన్నీ. నిద్రపోతే ఇక లేవడు. తర్వాత కొడుదువుగాని, ముందు ఆ రెక్క పట్టుకో."

ఇంట్లో పొడిబట్టలు, బొంతలు, పాలు పోసిన వేడి టీ. నాలుగో గిన్నెకి ఓరజ్ పెదాల నీలం తగ్గింది, నోరు లేచింది.

"దెబ్బలు ఒకెత్తు, వీడి నోరు ఒకెత్తమ్మా. నా గుర్రం కంటే గాడిద నయమట. నా పెళ్లాం వండింది కుక్క కూడా ముట్టదట. అయినా నేను లేవకపోయేసరికి, 'మీ అన్న తాడు తెగలేదురా, నేనూ మునిగిపోతానని కత్తితో కోసేశా' అన్నాడు. వీణ్ని చంపాలన్న కసితోనే సగం సరస్సు నడిచాను."

తోలెగెన్ తలకి గుడ్డ చుడుతున్న బల్జాన్ నవ్వింది. మూడేళ్లలో అదే మొదటిసారి. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

"నా బిడ్డని నడిపించడానికి ఎంత మాట పుట్టించావురా నాయనా. నిన్నా నేను కొట్టింది."

తోలెగెన్ తల ఎత్తలేదు.

"అది పుట్టించింది కాదు పిన్నీ."