సంచిలో తడి బట్టలు

అత్త సంచి సర్దుతోంది. ముక్కుకి గుడ్డ కట్టుకుంది. చేతులకి గిన్నెలు తోమే రబ్బరు గ్లౌజులు. చెత్త ఎత్తినట్టు ఒక్కో బట్టా ఎత్తి అందులో కుక్కుతోంది.

అది గురువారం. కోడలు డ్యూటీ దిగి నాలుగింటికి ఇల్లు చేరింది. ఐదేళ్ళ పాప బూట్లు వేసుకుని బయట మెట్ల మీద కూర్చుని ఉంది.

"ఏంటత్తయ్యా ఇది?"

"మీ అక్క ఇంటికి వెళ్ళు. ఫోన్ చేసి చెప్పాను. పిల్లని కూడా తీసుకుపో."

కోడలు తెల్లబోయింది. ఊళ్ళో విషజ్వరం తిరుగుతోంది. ఆమె పనిచేసేది వైరస్ ల్యాబ్‌లో. వచ్చిన నమూనాలో ఏ వైరస్ ఉందో, అది ఏ కుటుంబానిదో తేల్చడం ఆమె పని. లోపల ఉన్న జన్యుపదార్థం ఒక పోగా, రెండు పోగులా, పైన కొవ్వు పొర ఉందా లేదా, ఇవన్నీ చూసి కుటుంబాలుగా విడదీస్తారని పెళ్ళైన కొత్తలో అత్తకి పూస గుచ్చినట్టు చెప్పింది. చెప్పినవన్నీ ఇప్పుడు రాళ్ళై తిరిగొచ్చాయి.

"బయటున్నంతసేపూ ఇసుక రేణువులా పడి ఉంటుంది, ఒంట్లో దూరాక ఆ ఒంటి సరుకుతోనే తన సంతానాన్ని పెంచుకుంటుంది అన్నావే. నువ్వూ ఆ కుటుంబమే. నా ఇంట్లో దూరి నన్నే పనిమనిషిని చేశావు."

"మూడు రోజుల్నించీ చూస్తున్నా. పాపని ఎత్తుకోరు. వెనక గదిలో పడుకుంటారు. కంచం వేరు, గ్లాసు వేరు. నేను ల్యాబ్ నుంచి ఏదో మోసుకొస్తున్నాననేగా?"

"తెలిసిందిగా. ఇంకా ఎందుకు నిలబడ్డావు?"

"ఆయన ఓడ దిగడానికి ఇంకా నాలుగు నెలలుంది. అప్పటిదాకా అక్క మెడలో గుదిబండలా ఉండమంటారా?"

"వాడొచ్చాక వాడితో తేల్చుకో." సంచి జిప్పు లాగబోతూ ఆగింది అత్త. "ఇవాళ ఎన్ని తేలాయి?"

"నలభైలో ఒకటి. నంబరు మూడు వందల పదిహేడు."

"ఎవరట?"

"మాకు పేర్లు రావు, నంబర్లే. ఎన్నిసార్లు చెప్పాలి?"

అత్త కళ్ళజోడు పెట్టె తెరిచింది. కళ్ళజోడు తియ్యకుండానే టప్పున మూసింది.

"దానికి కొవ్వు పొర ఉంటుందన్నావు కదూ?"

"ఉంటుంది. సబ్బు తగిలితే చస్తుంది. మీ నోటికే ఏ సబ్బూ లేదు."

అత్త సంచిని కాలితో గుమ్మం అవతలికి తోసింది. కోడలు వంగి అందులో చెయ్యి పెట్టింది. అన్నీ తడి బట్టలే. గుప్పున సబ్బు వాసన. బీరువాలో మడతపెట్టి ఉన్నవాటిని మళ్ళీ ఉతికింది ఈ మనిషి. పాప గుడ్డబొమ్మని కూడా వదల్లేదు. దాని చెవుల్లోంచి ఇంకా నీళ్ళు కారుతున్నాయి.

"నేను ముట్టుకున్నవంటే అంత అసహ్యమా? రేపు మీరు మంచాన పడితే చెయ్యాల్సింది నేనే, గుర్తుంచుకోండి. మా అమ్మకి అంటుజబ్బు చేస్తే డాక్టర్లు వద్దన్నా పక్క వదల్లేదు. మీకూ నేనే గతి."

"ఆ భయంతోనే పంపిస్తున్నా. నడు."

పాప "నానమ్మా" అంటూ ఒక మెట్టు ఎక్కింది.

"దాన్ని అక్కడే ఆపు," అని కసిరి అత్త తలుపు వేసేసింది. లోపల గడియ పడింది.

"మళ్ళీ ఈ గడప తొక్కితే నన్ను చెప్పుతో కొట్టండి," అంది కోడలు, మూసిన తలుపుతో. సంచి భుజాన వేసుకుంది. వీధి మలుపు తిరిగేదాకా ఆ తడి ఆమె వీపుని అంటుకునే ఉంది. వెనక్కి తిరిగి చూసింది పాప ఒక్కతే.

కోడలు ఆ మాట మీద తొమ్మిది రోజులు నిలబడింది. పదో రోజు ఆ ఇంటి తాళం తీసింది ఆమే.

కళ్ళజోడు పెట్టెలో నాలుగు మడతలు పెట్టి దాచుకున్న మూడు వందల పదిహేడో నంబరు చీటీని ఆసుపత్రివాళ్ళు తిరిగిచ్చారు గాని, ఆ గురువారం సాయంత్రం ఐదింటికి వాళ్ళ బండెక్కిన అత్త మాత్రం తిరిగి రాలేదు.