అరవై ఐదో గడి

శివరామ్ సార్ ఎనిమిది గళ్ళ పొడవు, ఎనిమిది గళ్ళ వెడల్పు ఉన్న అట్టను నాలుగు ముక్కలు చేసి, వాటినే పదమూడు గళ్ళ పొడవు, ఐదు గళ్ళ వెడల్పు వచ్చేలా పేర్చాడు.

“ముందు అరవై నాలుగు గళ్ళు. ఇప్పుడు అరవై ఐదు. బొమ్మే రుజువు. ఒప్పుకుంటావా?”

చెన్నై చూలై పేటలో ఆయన లెక్కల ఒలింపియాడ్ బ్యాచ్‌లో సీటు దొరకడం గగనం. ఆ సీటు కోసం వచ్చిన మధుమిత బల్ల మీదికి వంగింది. ముక్కల నడుమ, మూల నుంచి మూలకు, సన్నటి సందు. అందులోంచి బల్ల చెక్క కనిపిస్తోంది. ఎక్కువైన గడి అంతా అక్కడే సాగి పడుకుని ఉంది.

“సార్, ఈడ...” అని వేలు పెట్టబోయింది.

పక్కన కూర్చున్న అమ్మ రాజలక్ష్మి బల్ల కింద తొడ గిల్లింది. “సార్ చెప్పేటప్పుడు అడ్డం మాట్లాడతారా? సరే అను.”

“ఏదో అనబోయినావే?” అన్నాడు సార్.

మళ్ళీ గిల్లింది అమ్మ.

“ఏం లేదు సార్. అరవై ఐదే. కరెక్టే.”

సార్ ఆ సందులో గోరు పెట్టి ముక్కల్ని విడదీశాడు. “ఇది కనబడలేదా?”

“కనబడింది సార్.”

రాజలక్ష్మి మొహం వెలిగిపోయింది. “కనబడినా ఊరకే ఉండింది, చూడండి సార్! మా బిడ్డ పెద్దోళ్ళకి ఎదురు మాట్లాడదు. ఆ మాదిరి పెంచినాం.”

“అందుకే సీటు లేదమ్మా.”

సార్ ముక్కల్ని మళ్ళీ చదరంలా పేర్చుకుని తరువాతి పిల్లను పిలిచాడు.

బయట మెట్ల మీద అమ్మ, “నోరేమైందే నీకు? ఆ సందు సంగతి ముందే చెప్పి చావకూడదా?” అంటూ అదే చోట మళ్ళీ గిల్లింది.