ఖాళీ అర

“ఒక్కటి అమ్ముడుపోయినా చాలు, ఇక నీ జోలికి రాను. లేదంటే మాత్రం సాయంత్రం రిహార్సల్‌కి వచ్చెయ్యాలి. సరేనా?” రికార్డుల కొట్టు ముందు స్కూటరు ఆపుతూ అన్నాడు బావ.

“సరే” అంది ఆమె, వెనక సీటు దిగి.

బావంటే అక్క మొగుడే కాదు, బ్యాండులో గిటారు కూడా అతనిదే. ఆ రాక్ బ్యాండులో ఆమె పదకొండేళ్లు పాడింది. అతని గిటారు హోరులో తన గొంతు తనకే వినపడటం లేదని ఎనిమిది నెలల క్రితం బయటికొచ్చేసింది. కిందా మీదా పడి, సొంతంగా తొమ్మిది పాటలు పాడి ఒక రికార్డు తెచ్చింది. ఈ కొట్టుకి ఐదు కాపీలు వచ్చి మూడు వారాలైంది. ఇక్కడ కదిలితేనే మిగతా ఊళ్లకు పంపుతామని కంపెనీవాళ్లు ముందే తేల్చి చెప్పారు.

“నీ మంచికే చెబుతున్నా” బావ వదల్లేదు. “ఎల్లుండి నుంచి టూరు. కొత్తమ్మాయికి పల్లవి అయ్యేసరికే గొంతు పోతోంది. చరణం నేనందుకుంటున్నా. నేను పాడుతుంటే డ్రమ్ములవాడు నవ్వాపుకోలేక తాళం తప్పుతున్నాడు.”

“నువ్వు పాడితే మా అక్కే లేచి వెళ్లిపోతుంది బావా. పాపం, వాణ్ణంటే ఏం లాభం?”

ఇద్దరూ నవ్వుకున్నారు. లోపలికి అడుగు పెట్టాక ఆమెకి ఇక నవ్వు రాలేదు.

కౌంటరు దగ్గర కొట్టు పెద్దాయన ఎవరితోనో వాదులాడుతున్నాడు. గీత పడిన రికార్డు వాపసు తీసుకోమని అతను, ఆ గీత మీ ఇంట్లో పడిందేనని ఈయన. రికార్డుని లైటు కింద అటూ ఇటూ తిప్పుతూ ఇద్దరూ తగ్గడం లేదు.

ఆమె తిన్నగా కౌంటరు పక్కన గోడకున్న అర దగ్గరికి వెళ్లింది. పెద్దాయన చేతిరాతతో ఆమె పేరున్న అట్టముక్క అక్కడే ఉంది. దాని వెనక ఏమీ లేదు.

పక్క రికార్డుల మధ్య వెతికింది. కింద అరలోకి వంగి చూసింది. లేచి నిలబడి అడిగింది.

“పెద్దాయనా, ఇక్కడ నావి ఐదు ఉండాలి...”

ఆయన తల తిప్పి చూశాడు. ఎందుకో మొహం చిన్నబోయింది. “అవి పోయాయమ్మా. ఐదూ పోయాయి. కాస్త కూర్చోండి, ఈయన్ని పంపించి వస్తా” అని మళ్లీ గీత గొడవలో పడ్డాడు.

ఐదూ!

ఆమె అక్కడున్న స్టూలు మీద కూలబడింది. కళ్లు తుడుచుకున్నకొద్దీ నిండుతున్నాయి. బావ తల గోక్కుంటూ కాసేపు ఆ ఖాళీ అరనే చూశాడు. తర్వాత జేబులోంచి ఫోను తీశాడు.

“ఇదిగో, విను. మీ చెల్లి నా నోరు మూయించింది. ఐదూ పోయాయట... ఆ, ఇక్కడే ఉంది, ఏడుస్తోంది... కాదే బాబూ, సంతోషంతోనే!”

మాట్లాడమని ఫోను అందించాడు. ఆమె వల్లకాదన్నట్టు చెయ్యి ఊపింది. అతను ఫోను పెట్టేసి, పక్కనే నేల మీద చతికిలబడ్డాడు.

“నిజం చెప్పనా? మీ అక్క ఇంట్లో లేనప్పుడు విన్నాను. మూడో పాటలో చరణం మెల్లగా ఎత్తుకుంటావు చూడు... అక్కడ నా గిటారు లేకపోవడమే బాగుంది.”

పదకొండేళ్లలో అతని నోట అలాంటి మాట రావడం అదే మొదటిసారి. ఆమె అతని భుజం మీద ఒక్కటిచ్చింది. “ఈ మాట అనడానికి ఇన్నాళ్లా?”

ఇంతలో ఆ కొనుగోలుదారు గొణుక్కుంటూ వెళ్లిపోయాడు. పెద్దాయన కళ్లద్దాలు తుడుచుకుంటూ వచ్చాడు.

“ఎవరు కొన్నారు పెద్దాయనా? కుర్రకారా, మా వయసువాళ్లా?” ఆత్రంగా అడిగింది.

“కొనడమా?” ఆయన నీళ్లు నమిలాడు. “ఒక్కటీ అమ్ముడుపోలేదమ్మా.”

బావ నేల చూపులు చూశాడు. అది గెలిచినవాడి మొహం కాదు.

కంపెనీవాళ్లు వెనక్కి పట్టుకుపోయి ఉంటారు. ఆ మాట ఆయన నోటితో వినే ఓపిక ఆమెకి లేకపోయింది. సంచీ భుజాన వేసుకుని లేచింది.

“పద బావా. రిహార్సల్ ఎన్నింటికి?”

“ఇవాళ్టికి వద్దులే. ఇంటికెళ్దాం. మీ అక్క...”

“మాటంటే మాటే. పద.”

ఇద్దరూ గుమ్మం దాటబోతుంటే పెద్దాయన గబగబా వచ్చి అడ్డం నిలబడ్డాడు.

“నన్ను పూర్తిగా చెప్పనివ్వరేమ్మా! తప్పు నాదే. కంపెనీకి ఏం జవాబు చెప్పాలో తెలీక వారం నుంచి అన్నం సయించట్లేదు. ఎవరెవరో తెలీదు కానీ, నా కళ్లెదుట ఉన్న అరలోంచి ఒకటి తర్వాత ఒకటి ఐదూ ఎత్తుకుపోయారు!”

ఆయన గుమ్మం పక్కనున్న డబ్బాకేసి చెయ్యి చూపించి వాపోయాడు.

“మీ బ్యాండు రికార్డులు ఇన్నేళ్లుగా ఇదిగో, చెయ్యి చాస్తే అందేట్టు ఇక్కడే పెడుతున్నాను. ఈ రోజు దాకా ఒక్కటంటే ఒక్కటి ఎవరూ దొంగిలించలేదమ్మా!”