ఆ ఒక్క కిలోమీటరు

కొండ మలుపులో బస్సు ఆగింది.

వానకు గోనెసంచి నెత్తిన కప్పుకున్న ముసలాయన ఒకడు ఎక్కి, డ్రైవరు పక్కన ఇంజను పెట్టె మీద కూర్చున్నాడు. కండక్టరు ఆయనకు టికెట్టు ఇవ్వలేదు.

మూడో వరుసలోని స్టేషన్ మాస్టరు అది గమనించాడు. రిటైరై ఆరు నెలలైనా ఆయన కళ్ళు ఇంకా డ్యూటీ దిగలేదు.

"చూశావా? టికెట్టూ లేదు, ఏమీ లేదు. దర్జాగా ముందు కూర్చున్నాడు."

"మన ఊరా, మన దేశమా? ఊరుకోండి" అంది భార్య.

పై ఊళ్ళో వాళ్ళ కూతురికి నెలలు నిండాయి. అల్లుడికి అక్కడ కరెంటు ప్రాజెక్టులో ఉద్యోగం. సాయంత్రంలోగా చేరాలని ఆవిడ ఆరాటం. బస్సు మాత్రం పొద్దుట్నుంచీ కొండల చుట్టూ తిరుగుతూనే ఉంది.

పావుగంటలో మళ్ళీ ఆగింది. ముసలాయన దిగి, రోడ్డు చూసి, పైనున్న కొండచరియ చూసి, కండక్టరుతో ఏదో అన్నాడు.

కండక్టరు వాళ్ళ భాషలో అందర్నీ దిగమని కేకేశాడు. ఒకప్పుడు పదేళ్ళు మన వైపు లారీ క్లీనరుగా చేసినవాడు, స్టేషన్ మాస్టరుకు మాత్రం మన భాషలో చెప్పాడు.

"ముందు కిలోమీటరు దూరం రోడ్డు అంచు జారిపోయింది సార్. బరువు ఆగదు. మనం పై కాలిబాటన నడవాలి. బస్సు ఖాళీగా వస్తుంది."

"ఈ వానలోనా? ఆవిడకి మోకాళ్ళ నొప్పులయ్యా!"

"నెమ్మదిగా రండి సార్. బస్సు ఆగుతుంది."

అందరూ దిగారు. ముసలాయన మాత్రం తిరిగి ఎక్కి, తన చోట కూర్చున్నాడు.

స్టేషన్ మాస్టరుకు ఒళ్ళు మండింది. వెళ్ళి కిటికీ తట్టాడు.

"ఏమయ్యా పెద్దమనిషీ! నీది మాత్రం బరువు కాదా?"

భాష తెలియకపోయినా తిట్టు తెలిసినట్టుంది. ముసలాయన తలూపి, నడవమన్నట్టు చెయ్యి చూపించాడు.

కాలిబాట మీది నుంచి కింద కొద్ది దూరంలో బస్సు చీమలా పాకుతూ కనిపించింది. ముసలాయన తలుపులోంచి సగం బయటికి వంగి, లోయవైపు చక్రాన్ని చూస్తూ అరచేత్తో బస్సును తడుతున్నాడు. తట్టినప్పుడల్లా బస్సు జానెడు కదులుతోంది.

"వేషాలు" అన్నాడు స్టేషన్ మాస్టరు.

అంతలో పైనుంచి ఒక బండ దొర్లి, బస్సు వెనక భాగాన్ని రాసుకుంటూ లోయలోకి పోయింది. నడిచేవాళ్ళంతా నిలబడిపోయారు.

కాసేపటికి మళ్ళీ అరచేతి చప్పుడు వినిపించింది. బస్సు కదిలింది.

అవతల చేరేసరికి డ్రైవరు కిందికి దిగి, ముసలాయన రెండు చేతులూ పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"సుఖంగా వచ్చావా? నా స్టేషన్లో అయితే నీలాంటివాణ్ణి ప్లాట్‌ఫారం ఎక్కనిచ్చేవాణ్ణి కాదు" అన్నాడు స్టేషన్ మాస్టరు.

ముసలాయన చిన్నగా నవ్వి, గోనెసంచి సర్దుకుని, వాళ్ళు వచ్చిన కాలిబాటే ఎక్కాడు.

బస్సు బయల్దేరాక ఆవిడ కండక్టర్ని అడిగింది. "ఆ పెద్దాయన వెనక్కి పోతున్నాడేంటి బాబూ?"

"గంటలో ఇంకో బస్సు వస్తుందమ్మా. అందులో ఎక్కాలి."

"సర్కారు మనిషా?"

"కాదమ్మా. ఎవరూ పెట్టలేదు. ఆయనే వస్తాడు."

"చక్రం చూడ్డానికి నువ్వున్నావు కదయ్యా! ఆ ముసలాడెందుకు?" అన్నాడు స్టేషన్ మాస్టరు.

"నేను జనంతో నడవాలి సార్. డ్రైవరొక్కడే బస్సులో ఉండాలి. అది రూలు."

రూలు అనేసరికి స్టేషన్ మాస్టరు తగ్గాడు. "మరి ఆయనకు ఆ రూలు లేదా?"

కండక్టరు కిటికీ అద్దం మీది ఆవిరి తుడిచి వెనక్కి చూశాడు. స్టేషన్ మాస్టరూ చూశాడు. కాలిబాట మీద ఎవరూ లేరు.

"రెండేళ్ళ కింద ఆయన కొడుకు మమ్మల్నందర్నీ దింపి, బస్సుతో ఒక్కడే వెళ్ళి లోయలో పడిపోయాడు సార్, అప్పట్నుంచి ఆ కిలోమీటరు ఏ డ్రైవర్నీ ఒంటరిగా పోనివ్వడు."